జాజ్ పెట్టె కొనను, హరాం అని మాత్రం కాదు

ఐదు వినైల్ రికార్డుల పెట్టె అది. జాన్ కోల్ట్రేన్ 1963లో వాయించిన సాక్సోఫోన్ సంగీతాన్ని వరుసగా పేర్చి, ఇంపల్స్ కంపెనీ 2018లో బయటికి తెచ్చింది. దిగుమతి సరుకు. దానికి ప్లేయరూ స్పీకర్లూ కలుపుకుంటే, నరసరావుపేటలో రెండు గదుల ఇంటికి నాలుగైదు నెలల అద్దె అవుతుంది. కొనాలా వద్దా అని దోస్తుల మధ్య అడిగానో లేదో, మూడు ఫత్వాలు వచ్చి పడ్డాయి.

మొదటి సాహెబ్: "మౌసీఖీ హరాం భాయ్. మళ్లీ దాన్ని పెట్టెలో తెచ్చి ఇంట్లో పెట్టుకుంటావా?"

రెండో సాహెబ్: "ఇస్రాఫ్. ఆ పైసలతో ఒక యతీం పిల్ల ఏడాది చదువు గడుస్తుంది."

మూడో ఆయన పాత కామ్రేడు: "పల్నాటి సాయిబుకి జాజ్ ఏందయ్యా, నఖరాలు కాకపోతే!"

నేను కూడా చివరికి వద్దు అనే ఫైసలాకే వచ్చాను. అయితే ఈ ముగ్గురి కారణాల్లో ఒక్కటీ నాది కాదు. నా 'వద్దు'ని తీసుకెళ్లి వాళ్ల జేబులో వేసుకోకుండా, ముందు ముగ్గురికీ జవాబు చెప్పి తర్వాత నా మాట చెబుతాను.

కామ్రేడు గారితో మొదలుపెడదాం. జాజ్‌కీ సాయిబుకీ రిష్తా ఏమిటంటే, చాలా దగ్గరిదే. ఆ పెట్టెలోనే చూడండి. కోల్ట్రేన్ పక్కన పియానో వాయించిన మెకాయ్ టైనర్ కుర్రతనంలోనే ఇస్లాం స్వీకరించాడు, సులేమాన్ సావూద్ అని పేరు పెట్టుకున్నాడు. కోల్ట్రేన్ మొదటి భార్య నైమా ముసల్మాను. ఆమె పేరుతోనే ఆయన ఒక బాణీ కట్టాడు. డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీకి అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అని మరో పేరుంది. పియానో అహ్మద్ జమాల్ 1958లో షికాగోలోని ఒక హోటల్లో వాయించిన రికార్డు రెండేళ్లకు పైగా అమ్మకాల జాబితాలో నిలబడింది. యూసుఫ్ లతీఫ్ సాక్సోఫోన్‌తో పాటు తూర్పు దేశాల వాద్యాలు తెచ్చి వాయించాడు. 'జాజ్' అన్న మాటే అవమానమని దాన్ని దూరం పెట్టాడు. 1980 నుంచి షరాబు అమ్మే చోట వాయించనని ఖరాఖండిగా చెప్పేశాడు. వీళ్లలో చాలామంది అహ్మదీయా మిషన్ ద్వారా వచ్చినవాళ్లు. ఆ అఖీదా బహస్ వేరే, దాన్ని ఇక్కడికి లాగొద్దు. నేను చెప్పేదల్లా ఒకటే. తాతలను బానిసలుగా కొన్నవాళ్లు తగిలించిన పేర్లను వదిలించుకోవాలనుకున్న నల్లజాతి కళాకారులకు మన పేర్లు ఇజ్జత్ ఇచ్చాయి. అలాంటి సంగీతం నాకు పరాయిది ఎలా అవుతుంది?

ఇంకో మాట. 1963 సెప్టెంబర్‌లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో తెల్ల దురహంకారులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రెండు నెలల తర్వాత కోల్ట్రేన్ 'అలబామా' అన్న బాణీ వాయించాడు. అందులో మాటలు లేవు. అదీ ఈ పెట్టెలో ఉంది. తన ఖౌమ్ మీద పడిన దెబ్బని ఒక మనిషి ఊపిరితో ఎలా చెప్పగలడో వినాలంటే ఆ ఐదు నిమిషాలు చాలు. దీన్ని నఖరా అనేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఇక హరాం సంగతి. జనాబ్, ఇది ఇఖ్తిలాఫ్ ఉన్న మసలా. వద్దన్న ఉలమాలున్నారు, వాళ్ల ఇల్మ్‌కి నా సలాం. ఇమామ్ గజాలీ షరతులతో సమాకి చోటిచ్చారు. అందలూసియాలో ఇబ్న్ హజ్మ్ అభ్యంతరాల మూలాలనే ప్రశ్నించారు. చిష్తీ ఖాన్‌ఖాల్లో సమా శతాబ్దాలు నడిచింది. ఇన్ని వైపులున్న విషయాన్ని ఒక్క మాటలో తేల్చేయడం దీన్ మీద ప్రేమ కాదు, బహస్ మీద బద్ధకం. పైగా ఈ మాట చెప్పే మన మొహల్లాల్లోనే బరాత్ ముందు డీజే బాక్సులు పెట్టి, మసీదు గోడలు అదిరేలా సినిమా పాటలు మోగిస్తారు. అప్పుడు ఏ సాహెబూ అడ్డం రాడు. అదే ఒక ముసలాయన గుడి ముందు సన్నాయి ఊదితే మాత్రం ఈమాన్ గుర్తొస్తుంది. డబ్బున్నవాడి చప్పుడు హలాల్, పేదవాడి రాగం హరాం అనే ఫిఖా ఏ మదర్సాలో చెబుతున్నారు?

ఇస్రాఫ్ గురించి: వృథా ఖర్చు మీద ఖురాన్ చేసిన హెచ్చరికను నేను తేలిగ్గా తీసుకోను. కాకపోతే ఆ తరాజు అందరికీ ఒకటే ఉండాలి. వలీమాలో మూడు రకాల బిర్యానీ, సగం పళ్లేల్లోనే మిగిలిపోయి బయట డ్రమ్ముల్లోకి పోవడం, ఒక్క పూటకి ఫంక్షన్ హాలు అద్దె, పిల్ల తండ్రి నెత్తిన జహేజ్ అప్పు. వీటి ముందు ఐదు రికార్డులు ఏపాటి? కాపాడుకుంటే రికార్డు మనవడి దాకా మోగుతుంది. యతీం పిల్లల చదువుకి డబ్బివ్వడం నా మీద ఉన్న హక్కు, పెట్టె కొన్నా కొనకపోయినా అది ఇవ్వాల్సిందే. మనకి నచ్చని శౌక్ కనబడినప్పుడు మాత్రమే యతీముల్ని గుర్తు చేసుకోవడం వాళ్లకి కూడా ఇన్సాఫ్ కాదు.

సరే, అయితే ఎందుకు కొనను?

ఆ పెట్టె ఎలా తయారైందో చూడండి, జవాబు అందులోనే ఉంది. 1963 మార్చి 6న న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో కోల్ట్రేన్ బృందం ఒక రోజంతా వాయించింది. ఆ సంగీతం అప్పట్లో విడుదల కాలేదు. కంపెనీ దగ్గర అసలు టేపు మిగల్లేదు. ఇంటి దగ్గర విని చూసుకోవడానికని కోల్ట్రేన్ ఒక నకలు టేపు తీసుకెళ్లాడు. అది నైమా ఇంట్లో ఉండిపోయింది. ఇద్దరూ విడిపోయారు, 1967లో ఆయన చనిపోయాడు, అయినా ఆ కుటుంబం టేపుని పారేయలేదు. 55 ఏళ్ల తర్వాత దాన్నుంచే రికార్డు చేశారు. ఏ వాయింపు ఉంచాలో ఎంచేటప్పుడు కోల్ట్రేన్ కొడుకు రవి కోల్ట్రేన్ కూర్చున్నాడు. మన సితార్ రవిశంకర్ పేరే ఆ కొడుక్కి పెట్టుకున్నారు. అంత పెద్ద కంపెనీ పోగొట్టుకున్న దాన్ని ఒక ముసల్మాను ఇల్లాలి ఇల్లు దాచిపెట్టింది.

ఇప్పుడు మన ఇళ్లల్లోకి రండి.

చిలకలూరిపేట ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. నాదస్వరం అంటే తెలుగు దేశంలో ముందుగా చెప్పుకునే ఊళ్లలో అదొకటి. అక్కడి షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్న శిష్యుడే షేక్ చినమౌలానా. ఆయన 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. తంజావూరు బాణీ కోసం తమిళ దేశం వెళ్లి నాచ్చియార్‌కోవిల్ విద్వాంసుల దగ్గర మళ్లీ శిష్యరికం చేసి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. 1999లో అక్కడే కన్నుమూశారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది, తమిళనాడు కోటాలో. అంటే మన బిడ్డలు కావేరి ఒడ్డుకి వెళ్తే విద్వాంసులయ్యారు. ఇక్కడే ఉండిపోయినవాళ్లు 'సన్నాయి సాయిబులు'గా మిగిలారు.

అలా మిగిలిన ఉస్తాద్‌ల వాయింపు ఎక్కడుంది? పెళ్లి క్యాసెట్లలో ఉంది. 1980ల్లో, 90ల్లో తీసిన పెళ్లి వీడియోల్లో, తలంబ్రాల వెనక, వంటవాళ్ల కేకల మధ్య ఉంది. అటకల మీద బూజు పడుతున్న టేపుల్లో ఉంది. ఆదం సాహెబ్ పేరుతో ఒక బాక్స్ సెట్ లేదు. ఊరేగింపులో నాలుగు వీధులు తిరుగుతూ గంటసేపు తోడి ఆలాపన చేసే మనిషిని పట్టుకునేంత పొడవు పాత రికార్డుకి లేనేలేదు. 78 తిరుగుళ్ల రికార్డు ఒక వైపు మోగేది మూడు నాలుగు నిమిషాలు. తర్వాత వచ్చిన ఎల్పీ అయినా ఒక వైపుకి ఇరవై నిమిషాల చిల్లర. క్యాసెట్టే మొదటిసారి మన ఉస్తాద్ ఊపిరికి సరిపడా జాగా ఇచ్చింది. ఆ క్యాసెట్టునే మనం చెత్తబండికి వేస్తున్నాం.

ఇందులో కసూర్ ఎవరిది? మూడు వాటాలుగా పంచుతాను.

ఒక వాటా మా అఖ్బార్లది. ఇన్నేళ్లుగా డెస్కు మీద చూస్తున్నాను. ఏటా ఉత్సవాల రోజుల్లో ఒక ఫోటో వస్తుంది: టోపీ పెట్టుకున్న సాహెబ్, చేతిలో నాదస్వరం, వెనక ధ్వజస్తంభం. కింద 'మతసామరస్యానికి ప్రతీక' అని ఒక వాక్యం. ఆయన ఆ రోజు ఏ రాగం ఎత్తుకున్నాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, డోలు ఎవరిది, ఎంత ఇచ్చారు? ఒక్క ముక్క ఉండదు. సాహెబ్ అక్కడ కళాకారుడు కాదు, సామరస్యం కోసం నిలబెట్టిన బొమ్మ. కోల్ట్రేన్ ఫోటో వేసి 'నల్ల తెల్ల ఐక్యతకు ప్రతీక' అని రాసి వదిలేస్తే, ఆ పెట్టె ఈ రోజు ఉండేదా?

రెండో వాటా సర్కారుది. పద్మశ్రీ ఇవ్వడం ఒక్క రోజు పని. జిల్లాలో ఉన్న ముసలి విద్వాంసుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వాళ్లకొచ్చిన కీర్తనలన్నీ రికార్డు చేసి, ఎవరైనా వినేలా పెట్టడం ఏళ్ల తరబడి పని. శాలువాకి బడ్జెట్ దొరుకుతుంది, మైకుకి దొరకదు.

మూడో వాటా, అన్నిటికంటే పెద్దది, మనది. ఈ సన్నాయి కుటుంబాల్లో చాలామంది దూదేకులవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సర్కారు లెక్కలో బీసీ-బీ. మన సయ్యద్ సాబుల లెక్కలో 'సగం సాయిబులు'. నేను చదివింది ఉర్దూ మీడియం. తహజీబ్ అంటే గజల్, ముషాయిరా అని అక్కడ చెప్పారు. పక్క వీధిలో డోలుకి తోలు బిగించుకుంటున్న మనిషిది కూడా తహజీబే అని ఎవరూ చెప్పలేదు. సంబంధాల మాటొస్తే "సన్నాయోళ్లా?" అని మూతులు తిప్పడం ఈ రోజుకీ ఉంది. బుర్రకథ నాజర్‌ని చూడండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, పల్నాటి యుద్ధాన్ని ఊరూరా చెప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. తిట్టుగా వాడే మాటనే అట్ట మీదకి ఎక్కించాల్సి వచ్చిందంటే, ఆ తిట్టు ఎంతమంది నోళ్లలో నానిందో అర్థం చేసుకోండి. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి గడ్డ మనది అని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. ఒకే సఫ్‌లో నమాజుకి నిలబడేవాడిని దస్తర్‌ఖాన్ దగ్గర మాత్రం దూరం పెడతాం.

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా భాయ్" అంటారు కుర్రాళ్లు. ఉన్నాయి, కొన్ని. ఎవరు వాయించారో పేరుండదు, ఊరుండదు, సంవత్సరం ఉండదు. పేరు లేని వీడియో అనాథ. కోల్ట్రేన్ పెట్టెలో ప్రతి ముక్కకీ తారీఖు, చోటు, పక్కన ఎవరున్నారో రాసి ఉంటుంది. నాకు ఆ పెట్టె మీద అసూయ పుట్టేది నల్ల రికార్డుల్ని చూసి కాదు, ఆ చిన్న అక్షరాల్ని చూసి.

అందుకని నా ఫైసలా ఇది. కోల్ట్రేన్‌ని ఫోన్‌లో వింటాను, ఎంతో ఇష్టంగా వింటాను. ఆయన విరాసత్‌కి కొడుకున్నాడు, కంపెనీ ఉంది, ప్రపంచమంతా కొనేవాళ్లున్నారు. నా పైసలు లేకపోతే ఆగేది ఏమీ లేదు. ఆ డబ్బుతో పాత క్యాసెట్ డెక్కు ఒకటి బాగుచేయించి, దాన్ని కంప్యూటర్‌కి కలిపే చిన్న పరికరం కొంటున్నాను. మిగిలింది వాయించే ఉస్తాద్‌లకి, ఒక పూట మైకు ముందు కూర్చున్నందుకు, నజరానాగా కాదు, మజూరీగా.

మీరు చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. అటక మీద పాత టేపులుంటే పారేయకండి. బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టి తిప్పకండి, టేపు తెగుతుంది. ఎండలో ఆరబెట్టకండి. ఒక కాగితం మీద ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏ సంవత్సరం, సన్నాయి ఎవరు, డోలు ఎవరు అని పెద్దవాళ్లని అడిగి రాయండి. ఆ పెద్దవాళ్లు ఉండగానే అడగండి. హిందువుల ఇళ్లకీ వెళ్లి అడగండి, మన ఉస్తాద్‌ల రాగాలు ఎక్కువగా దాగి ఉన్నది వాళ్ల పెళ్లి క్యాసెట్లలోనే.

వచ్చే ఆదివారం నేను చిలకలూరిపేట బస్సెక్కుతున్నాను. సత్తెనపల్లి, వినుకొండ, మాచర్ల వైపు ఎవరింట్లో ఏమున్నా కబురు చేయండి, ఇన్షా అల్లాహ్ వస్తాను.