కుందేటికొమ్ములకు శాస్త్రనామము

లేని వస్తువునకు దృష్టాంతముగా మన తార్కికులు కుందేటికొమ్మును జెప్పుదురు. అయినను కుందేటికొమ్ములను విఱిచి తినువారు మన మెట్టసీమలలో నెందఱో గలరు. ఱాతిగుట్టల సందులలో, ముండ్లపొదల నీడను, ఆకు లున్నవో లేవో తెలియనట్లు నాలుగు పలకల కండగల కాడలతో నిలుచు చిన్న మొక్క యది. వానలు వెనుకబడినను కాడలో దాచిన నీటితోనే ప్రాణము నిలుపుకొనును. గొఱ్ఱెలకాపరులు దానిని పచ్చిగానే నమలుదురు.

పండితలోకమునకు మాత్ర మీ మొక్క 1795 వఱకు లేదు. సామర్లకోటలో కంపెనీవారి వైద్యుడుగా నుండిన విలియం రాక్స్‌బర్గు తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని వర్ణించి, ‘స్టపీలియా అడ్సెండెన్స్’ అని పేరిడి, తెలుగువారు ‘కారల్లం’ అందురని చేర్చెను. 1810లో రాబర్టు బ్రౌను దీనిని వేఱు ప్రజాతిగా నేర్పఱచి, ఆ తెలుగుమాటకే లాటిను వేషము వేసి ‘కారల్లూమా’ యనెను. ఈ పేరునకు అరబ్బీ మూలమును వెదకినవారును గలరు. రాక్స్‌బర్గు పుస్తకమును దెఱచియున్న వారి కా శ్రమ తప్పియుండును. ఆఫ్రికా, అరేబియాలలోని దీని జ్ఞాతులకును మన మాటయే చెల్లుట సంతోషకరమే. కాని యా మాట చెప్పిన రైతు పేరు గాని, ఆ బొమ్మ వ్రాసిన దేశీయ చిత్రకారుని పేరు గాని మనకు దక్కలేదు.

నేటికిని కొత్త మొక్క ‘కొత్తది’ యనిపించుకొనవలెనన్న ఎండబెట్టిన మచ్చు నొకదానిని భద్రపఱచి, దాని వర్ణనమును బ్రకటింపవలెను. 2011 వఱకు ఆ వర్ణనము లాటినుననే యుండవలసియుండెను. 2012 మొదలు ఆంగ్లమును జెల్లుచున్నది. తెనుగు చెల్లదు. లోకమంతటికి నొక భాష కావలయును గనుక దీనిని మేము నిందింపము. అయితే ఆంగ్లవర్ణనము ప్రక్కన నొక పుట తెనుగు చేర్చుటను ఏ నియమమును నిషేధింపలేదే! మొక్క దొరకిన యూర దానిని ఏమందురో యడిగి వ్రాయుటకు మన విశ్వవిద్యాలయములవారికి అడ్డేమి?

కుందేటికొమ్ముల సారము ఆకలి నణచునని, బొజ్జ తగ్గించునని సీసాల కెక్కి దేశాంతరములలో అమ్ముడగుచున్నది. ఆ గుణము గట్టిగా ఋజువు కాలేదు. వ్యాపారము మాత్ర మాగలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి పంచాయతియు సమితి నేర్పఱచి, తన పొలిమేరలోని మొక్కల పేర్లను, ఉపయోగములను రిజిస్టరున కెక్కింపవలసియున్నది. గుట్టను కంకరకు గుత్త కిచ్చుటకు ముందు భూస్వాములు ఆ పుస్తకమును దెప్పించి చూతురుగాక. అందు కుందేటికొమ్ము అను మాట యున్నదో లేదో మాకును దెలియజేయ గోరుచున్నాము.