రిపోర్ట్ నార్మల్, మరి నొప్పి?

"రిపోర్ట్ నార్మలే కదా, ఇంకా నొప్పేంటి?" ఈ మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. అది అనేముందు ఆ రిపోర్ట్ అసలు దేన్ని కొలిచిందో తెలుసుకోవాలి అన్నదే నా వాదన.

మా పెద్దమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేసే జబ్బు ఇది. మొన్నటి రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ రేంజ్‌లోనే ఉన్నాయి. "అంతా బాగుంది" అని పెదనాన్న తేల్చేశాడు. పెద్దమ్మేమో పొద్దున లేచాక గంటసేపు చపాతీ పిండి కూడా కలపలేకపోతోంది.

ముందు ఈఎస్‌ఆర్ సంగతి చూద్దాం. రక్తాన్ని నిలువు గొట్టంలో పోసి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఫైబ్రినోజెన్ లాంటి ప్రోటీన్లు పెరిగి, కణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని త్వరగా దిగుతాయి. కానీ రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా, గర్భంతో ఉన్నా ఇది పెరుగుతుంది.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. ఐఎల్-6 అనే సంకేతం అందగానే కాలేయం దీన్ని తయారుచేస్తుంది. ఆ సంకేతం కీళ్ళ వల్ల వచ్చిందా, ఏదైనా ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిందా అన్నది సీఆర్‌పీ చెప్పలేదు. లూపస్‌లో జబ్బు తిరగబెట్టినా చాలాసార్లు సీఆర్‌పీ పెద్దగా పెరగదు. టోసిలిజుమాబ్ అనే మందు ఐఎల్-6 దారినే మూసేస్తుంది కాబట్టి, అది వాడేవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ తక్కువే కనిపించొచ్చు. మన భాషలో చెప్పాలంటే, ఇది లైన్ నంబర్ ఇవ్వని ఎర్రర్ మెసేజ్. ఒక్కోసారి ఆ మెసేజ్ కూడా రాదు. కీలులోంచి సూదితో ద్రవం తీసి తెల్లకణాలు లెక్కపెడితే ఆ కీలు గురించి ఇంకాస్త తెలుస్తుంది. కానీ ప్రతిసారీ ప్రతి కీలుకీ సూది గుచ్చలేం కదా!

అందుకే డాక్టర్లు డాస్-28 అనే స్కోర్ వాడతారు. నాకు బాగా నచ్చింది ఇదే. ఇందులో నాలుగు ఇన్‌పుట్లు ఉంటాయి: 28 కీళ్ళలో నొక్కితే నొప్పి ఉన్నవెన్ని, వాచినవెన్ని, ఈఎస్‌ఆర్ ఎంత, చివరగా "మీకు ఎలా ఉంది?" అన్న ప్రశ్నకి రోగి 0 నుంచి 100 లోపు ఇచ్చే జవాబు.

ఒక లెక్క చేసి చూడండి. నొప్పి ఉన్న కీళ్ళు 4, వాచినది 1, ఈఎస్‌ఆర్ 10 అనుకుందాం. రోగి జవాబు 10 అయితే స్కోర్ దాదాపు 3.15. అంటే జబ్బు తీవ్రత తక్కువ. అదే జవాబు 70 అయితే స్కోర్ 3.99. అంటే మధ్యస్థం. రక్తం అదే, కీళ్ళూ అవే. రోగి మాట ఒక్కటే మారింది, కేటగిరీ మారిపోయింది. సైన్సే ఫార్ములాలో రోగి మాటకి చోటిస్తే, ఇంట్లో మనం ఆ వేరియబుల్‌ని సున్నా చేసేస్తున్నాం.

ఇక్కడే తెలుగు అవసరం. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. నాకు అన్నీ "పెయిన్" కిందే లెక్క. పెద్దమ్మకి మాత్రం సలుపు వేరు, పోటు వేరు, పీకడం వేరు, లాగడం వేరు, తిమ్మిరి వేరు. "పొద్దున వేళ్ళు బిగుసుకుపోతాయి, ఎండెక్కాక గానీ రావు" అంటుంది. అది ఉత్త గోడు కాదు. పొద్దున బిగుతు గంటదాకా ఉందంటే ఇన్‌ఫ్లమేషన్ వైపు అనుమానించాలి. అరుగుదల వల్ల వచ్చే కీళ్ళనొప్పుల్లో ఆ బిగుతు మామూలుగా అరగంటలోపే పోతుంది. ఆవిడ వాక్యంలో టైమ్‌స్టాంప్‌తో సహా డేటా ఉంది. దాన్ని "జాయింట్ పెయిన్" అని రెండు ముక్కల్లో డాక్టర్‌కి చెప్పామంటే ఆ డేటా పోయినట్టే.

"మాటల్ని ఎలా నమ్ముతాం, ఒకరి 70 ఇంకొకరి 40 కావచ్చుగా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేరే కారణాలతో నొప్పి ఉన్నా స్కోర్ పెరుగుతుంది. కాబట్టి 70 అనగానే మందు డోస్ పెంచెయ్యమని కాదు, కారణం వెతకమని అర్థం. అలాగే నొప్పి లేదని పరీక్షలు మానేయడమూ తప్పే. పైకి ఏమీ తెలియకుండానే లోపల కీలు పాడవుతూ ఉండొచ్చు. నేను ల్యాబ్‌ని తక్కువ చేయట్లేదు, అది ఒక సాక్షి మాత్రమే అంటున్నాను. రెండో సాక్షి మంచం మీద కూర్చుని వేళ్ళు నొక్కుకుంటోంది.

మనలో చాలామందిమి ఇంట్లో రిపోర్టులు చదివిపెట్టే పిల్లలం. ఈసారి ఎవరైనా వాట్సాప్‌లో రిపోర్ట్ పంపితే "నార్మల్" అని రిప్లై కొట్టి ఊరుకోకండి. ఫోన్ చేయండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఎలాంటి నొప్పి అని అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి, రిపోర్ట్‌తో పాటు డాక్టర్ ముందు పెట్టండి.