తెరకు తెలిసింది, ఆమెకు తెలియలేదు

మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో మాకు బాగా వచ్చిన పని ఒకటుంది. డేటాబేస్‌లో ఒక అంకె మారితే ఆ మార్పు తెర మీద వెంటనే కనబడేలా చేయడం. చెప్పినంత తేలిక కాదది. ఒకే అంకె నాలుగు చోట్ల కనిపిస్తుంటే నాలుగూ కలిసి మారాలి. మధ్యలో నెట్ పోతే తెర పాత సంగతినే పట్టుకుని కూర్చోకూడదు. చదివేసిన సందేశాలను కూడా చదవనట్టు చూపిస్తున్న చాట్ తప్పును వదిలించుకోవడానికి ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఏకంగా ఒక కొత్త పద్ధతినే తయారుచేసి, 2014లో ఫ్లక్స్ పేరుతో లోకానికి చెప్పారు. చదవనివి ఎన్నో చెప్పే ఒక చిన్న అంకె కోసం అంత పట్టుదల. ఆ పట్టుదల మేమూ నేర్చుకున్నాం. 1998లో హైటెక్ సిటీ తెరిచినప్పటి నుంచి ఈ హైదరాబాద్‌లో కూర్చుని ప్రపంచంలోని బ్యాంకులకూ విమాన సంస్థలకూ తెరలు కట్టాం.

మరి అదే ఊళ్లోని పాతబస్తీకి ఏం చేశాం?

తెలంగాణలో 2014, 2019 మధ్య సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. అనర్హుల ఏరివేతకు సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌ను వాడారు. ప్రభుత్వ శాఖల దగ్గరున్న జాబితాలను కలిపి, ఇందులో ఉన్న మనిషీ అందులో ఉన్న మనిషీ ఒకరేనా అని పేర్లూ చిరునామాలూ పోల్చి చెబుతుందది. కారున్న ఇంటికి రేషన్ ఎందుకన్న వాదన సబబుగానే వినిపిస్తుంది. కానీ రిక్షా తొక్కి బతికిన మనిషిని, పేరు దగ్గరగా ఉన్నందుకు, ఇంకెవరిదో కారుకు యజమానిగా లెక్కగట్టారు. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి.

పాతబస్తీ పేర్లు తెలిసినవాళ్లెవరైనా ముందే హెచ్చరించగలిగేవారు. ఒకే మనిషి ఒక కాగితంలో మహమ్మద్, ఇంకోదాంట్లో మొహమ్మద్, మూడోదాంట్లో ఉత్త ఎండీ. ఉర్దూలో చెప్పిన పేరును తెలుగు చెవితో విని ఇంగ్లిషులో టైపు చేస్తే సయ్యద్ మూడు రకాలుగా మారిపోతాడు. బేగం, బీ అన్నవి ఇంటిపేర్లు కావు. అయినా ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి వీల్లేదని ఫారం పట్టుబడితే, అవతలివాళ్లు ఏదో ఒకటి నింపుతారు. అలాంటి ఫారాలు రాసేది మేమే. యాకుత్‌పురా, తలాబ్‌కట్ట గల్లీల్లో ఒకే పేరున్నవాళ్లు ఎందరో ఉంటారు, ఇంటి నంబరులో చివరి అంకె ఒక్కటే తేడా. ఇవేవీ మాకు తెలియనివి కావు. మాలో ఆ గల్లీల్లో పుట్టి పెరిగినవాళ్లున్నారు. వాళ్లను మేం అడగలేదు.

అసలు తప్పు తెర దగ్గర ఉంది. పేర్లు పోల్చే ప్రోగ్రాం అవుననో కాదనో చెప్పదు. పోలిక ఇంత ఉందని మాత్రమే అంటుంది. ఆ అనుమానాన్ని లోపలే ఉంచేసి, బయటికి ఒక్క మాటగా తేల్చి చూపడం మాకు అలవాటు. తెర శుభ్రంగా ఉండాలంటాం. ఏ జాబితా చూసి చెప్పిందో, ఆ జాబితా ఏనాటిదో, బండి నంబరు ఏమిటో చూపించం. బండి ఎప్పుడో అమ్మేసి ఉండొచ్చు, దాని యజమాని చనిపోయి ఉండొచ్చు. డేటాబేస్‌కు ఆ సంగతి చేరకపోతే తెర పాత మాటనే ఈరోజు నిజంలా చూపిస్తుంది. మా పరీక్షల్లో అది పాసవుతుంది. తెరా డేటాబేసూ ఒక్కమాట మీదున్నాయా అన్నదొక్కటే కదా మేం పరీక్షించేది.

మార్పు జరిగితే దాని మీద ఆధారపడ్డ ప్రతి భాగానికీ కబురు వెళ్లాలి. కొత్తగా చేరినవాళ్లకు మేం మొదట నేర్పే పాఠం ఇది. కార్డు మీద ఆధారపడ్డ మనిషికి మాత్రం ఆ కబురు వెళ్లలేదు. ముందుగా నోటీసు లేదు. కంట్రోల్ దుకాణంలో వేలిముద్ర పెట్టబోతే, డీలర్ మిషన్ చూసి "కార్డు కట్ అయిందమ్మా" అన్నప్పుడే ఎందరికో తెలిసింది. కబురు అందాల్సినవాళ్ల పట్టికలో, దుకాణం ముందు నిలబడ్డ ఆమె లేదు. "ఆ కారు మాది కాదు" అని చెప్పుకునే దారి ఏ తెర మీదా లేదు. డీలర్ దగ్గరికెళ్లినా, మీసేవకెళ్లినా, ఆఫీసుకెళ్లినా అదే మాట కనబడేలా చేయడం మాత్రం మాకు వచ్చు.

తెరనూ డేటానూ విడదీసి కలిపే ఎంవీసీ పద్ధతిని 1979 ప్రాంతంలో జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ఆలోచించినవాడు నార్వే శాస్త్రవేత్త ట్రిగ్వే రీన్‌స్కౌగ్. వాడే మనిషి మనసులో ఉన్న లోకానికీ కంప్యూటర్లో ఉన్న లోకానికీ మధ్య దూరం తగ్గించాలన్నది ఆయన తపన. ఆ మూడు అక్షరాలనూ మేం ఇంటర్వ్యూ ప్రశ్నగా మిగుల్చుకున్నాం. ఆయన మొదట తలచుకున్న మనిషిని వదిలేశాం.

ఈ కార్డుల రద్దును నిలదీసిందీ మేం కాదు. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కార్డులు అన్యాయంగా పోయినవేనని తేలింది. నూటికి ఏడున్నర. బ్యాంకు లెక్కల్లో ఆ పాటి తేడా వస్తే, సరిచేసేదాకా మాలో ఎవరూ సీటు వదలరు. ఇక్కడ తేడా వచ్చింది బియ్యంలో. మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున, ఐదుగురున్న ఇంటికి ముప్పై కిలోలు. కార్డు తిరిగి వచ్చిన ఇంటికి మధ్యలో పోయిన నెలల బియ్యం ఎంతో లెక్కగట్టడం మాకు చాలా చిన్న పని. ఆ లెక్క కట్టి, ఆ ఇంటికి రావలసిన బాకీగా తెర మీద చూపిద్దామని మాలో ఎవరైనా అనగా నేను వినలేదు. నేనూ అనలేదు.