ఆటలో అరటిపండు

పిల్లలూ!

మీరు ఆడుకునేటప్పుడు ఏ చిట్టి తమ్ముడో వచ్చి, "నేనూ ఆడతాను" అని మారాం చేస్తే ఏం చేస్తారు? "సరే, వీడు ఆటలో అరటిపండు" అంటారు. వాడు మీతోపాటు పరుగెత్తవచ్చును, కేకలు వేయవచ్చును. కాని పట్టుబడినా వాడు దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. పాపం, ఆ సంగతి వాడికి తెలియదు. తెలిసే వయసు వచ్చాక ఆ పదవి ఎవరికీ అక్కరలేదు!

నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. మా తరగతిలో ఒక స్నేహితుడికి పసితనంలో పోలియో వచ్చి, ఎడమకాలు సన్నబడిపోయింది. డ్రిల్లు పీరియడు గంట కొట్టగానే మేమంతా మైదానంలోకి పరుగు తీసేవాళ్ళం. అతడు వేపచెట్టు కింద కూర్చుని మా చెప్పులకు కాపలా కాసేవాడు. మేము అతణ్ణి ఎన్నడూ ఎగతాళి చేయలేదు. అందుచేత మేము చాలా మంచివాళ్ళమనే అనుకునేవాళ్ళం.

ఒకనాడు బంతి దొర్లుకుంటూ వేపచెట్టు దగ్గరికి పోయింది. అతడు కూర్చున్నచోటునుంచే దాన్ని విసిరాడు. అది సూటిగా వచ్చి వికెట్లకు తగిలింది! "భలే, భలే!" అని చప్పట్లు కొట్టాం. మరుక్షణం మా ఆటలో మేము పడ్డాం. అంత గురి గలవాణ్ణి ఆటలోకి పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అయిదేళ్ళు కలిసి చదివాం. ఆ అయిదేళ్ళూ అతడు చెప్పులకు కాపలా కాస్తూనే ఉన్నాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

తప్పు అతని కాలిది కాదు. ఆటకు ఒకటే పద్ధతి ఉన్నదని నమ్మిన మాది. ఆట నియమాలు ఆకాశంనుంచి ఊడిపడలేదు గదా! అవి మనుషులు పెట్టుకున్నవే. కావలసివస్తే మనుషులే మార్చుకోవచ్చును.

ఈ సంగతి బాగా గ్రహించిన వైద్యుడొకాయన ఉండేవాడు. ఆయన పేరు లుడ్విగ్ గుట్‌మాన్. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో, వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడిన సైనికులకు ఆయన వైద్యం ప్రారంభించాడు. అటువంటి వారు ఇక మంచం దిగరనే ఆ రోజుల్లో అందరూ అనుకునేవారు. గుట్‌మాన్ మాత్రం వారిచేత ఆటలాడించాడు. 1948 జూలై 29న లండనులో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనవి. సరిగ్గా ఆరోజే ఆయన తన ఆసుపత్రి ఆవరణలో విలువిద్య పోటీ పెట్టాడు. చక్రాల కుర్చీలలో కూర్చుని 16 మంది బాణాలు వేశారు. బాణం వేయడానికి కావలసినది చేతిబలమూ, కంటిచూపూ. కాళ్ళతో పని ఏమున్నది?

ఆ చిన్న పోటీయే పెరిగి పెద్దదయింది. 1960లో రోము నగరంలో 23 దేశాలవారు ఆడారు. నేటి పారాలింపిక్ క్రీడలు ఇవే. 1965 యుద్ధంలో గాయపడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్, 1972లో జర్మనీలో జరిగిన పోటీలలో 50 మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచాడు.

ఆటలను ఎలా మారుస్తారో చూడండి. పురుషుల వాలీబాల్‌లో వల ఎత్తు 2.43 మీటర్లు. నిలబడలేనివారికోసం దాన్ని 1.15 మీటర్లకు దించారు. ఇందులో అందరూ నేలమీద కూర్చునే ఆడాలి. చక్రాల కుర్చీ టెన్నిసులో బంతి రెండుసార్లు నేలకు తగిలేదాకా ఆగవచ్చును. మిగిలిన ఆటంతా మామూలే!

అంధుల క్రికెట్ ఇంకా చిత్రమైనది. బంతిలో చిన్న గుండ్లుంటాయి, దొర్లితే గలగలమంటుంది. బౌలరు "రెడీ?" అని అడుగుతాడు. బ్యాట్స్‌మన్ "యెస్" అన్నాక, "ప్లే" అని కేకవేసి, చేయి కిందుగా ఊపి బంతిని నేలబారుగా వదులుతాడు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అజయ్ కుమార్ రెడ్డి నాయకత్వాన మన దేశం 2018లో అంధుల ప్రపంచ కప్పు గెలుచుకున్నది. ఆయనకు 2023వ సంవత్సరపు అర్జున పురస్కారం లభించింది.

చూపు లేకుండా బంతి ఎటు వస్తున్నదో ఎలా తెలుస్తుందంటారా? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బంతి కుడివైపునుంచి వస్తే దాని చప్పుడు కుడిచెవికి ముందు, ఎడమచెవికి వెనుక చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యోవంతుకన్న తక్కువ. అయినా మన మెదడు దాన్ని పసికట్టి, "అదుగో, అటు!" అని చెబుతుంది. ఈ శక్తి మీకూ ఉన్నది. కళ్ళగంతలు కట్టుకుని, ఎవరైనా చిటికె వేస్తే అటు వేలు చూపి పరీక్షించుకోండి.

ఇక మీ బడి సంగతి. ఫుట్‌బాలును పలచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి కడితే, దొర్లినప్పుడల్లా గరగరమంటుంది. అప్పుడు అందరూ కళ్ళగంతలు కట్టుకుని ఆడండి. చెవులు వినిపించనివారు జట్టులో ఉంటే, ఈల వేసేటప్పుడే ఎర్రగుడ్డ కూడా ఊపండి. పరుగెత్తలేనివాడు బ్యాటు పట్టుకుంటే, అతని బదులు మరొకరు పరుగెత్తవచ్చును. తాడు కిందికి కట్టి, అందరూ చాపలమీద కూర్చుని బంతి ఆడవచ్చును.

అయితే రెండు మాటలు మరవకండి. మొదటిది: "నీకు ఎలా వీలుగా ఉంటుంది?" అని ఆ స్నేహితుణ్ణే అడగండి. అతనికి తెలిసినంత మీకు తెలియదు. రెండవది: జాలిపడి గెలిపించకండి. అవుటయితే అవుటే! ఓడిపోయే హక్కు లేనివాడు మళ్ళీ ఆటలో అరటిపండే అవుతాడు.

పెద్దలకూ ఒక మనవి. పడిపోతాడేమోనన్న భయంతో పిల్లవాణ్ణి గట్టున కూర్చోబెట్టకండి. ఏ ఆట ఆడవచ్చునో వైద్యుణ్ణి అడిగి, పంపించండి. మోకాలి దెబ్బ నాలుగు రోజుల్లో మానుతుంది. వేపచెట్టు కింద గడిచిన అయిదేళ్ళు తిరిగిరావు.

రేపు డ్రిల్లు గంట కొట్టగానే, పరుగెత్తబోయేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. చెట్టు కింద ఎవరైనా ఉన్నారా? ఉంటే, చెప్పులను వాటి మానాన వదిలి, ఆ స్నేహితుణ్ణి పిలవండి. ఏ ఆట ఎలా మార్చారో నాకు ఉత్తరం వ్రాయండి.

మీ తాతయ్య