బడిపంతులు తీర్చిన జట్టు

ఆటలో ఓటమి కలిగినప్పుడు లోకం మొదట వేలెత్తి చూపేది శిక్షకుణ్ణి. 2025 అక్టోబరులో గోవాలో జరిగిన పోటీలో భారత ఫుట్‌బాల్ జట్టు 1-2 గోల్సు తేడాతో సింగపూరు చేతిలో ఓడి, 2027 ఆసియా కప్పులో ఆడే అవకాశాన్ని పోగొట్టుకొన్నది. అంతకు రెండు నెలల ముందే ఖాలిద్ జమీల్ ఆ జట్టుకు శిక్షకులుగా నియమితులయ్యారు. ఎన్నో ఏళ్లుగా విదేశీయులే నిర్వహించిన బాధ్యత స్వదేశీయునికి దక్కడం సంతోషించదగినదే. కాని శిక్షకుడు స్వదేశీయుడై ఉండవలెనా, విదేశీయుడై ఉండవలెనా అన్న చర్చలో అంతకన్న పెద్ద ప్రశ్న మరుగున పడుతున్నది. శిక్షకుని చేతికి వచ్చే పిల్లవాడు ఎక్కడ తయారవుతున్నాడు? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే, ఇదే జట్టును ఆసియా క్రీడలలో రెండు పర్యాయాలు ప్రథమస్థానంలో నిలిపిన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితాన్ని పరిశీలించవలసి ఉన్నది.

2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వల్ల రహీం పేరు ఈ తరం విద్యార్థులకు కొంత పరిచయమైనది. అయితే ఆయన మొదట బడిపంతులన్న సంగతి గుర్తుంచుకొన్నవారు తక్కువ. రహీం 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొన్నారు. అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో బోధించారు. పిమ్మట వ్యాయామవిద్యలో డిప్లమా సంపాదించి, పిల్లల ఆటల బాధ్యతను స్వీకరించారు. ఆయన చేతిలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్సు కప్పును గెలుచుకొన్నది. 1950లోనే జాతీయ జట్టు శిక్షణ కూడా ఆయనకు అప్పగింపబడినది.

రహీం పద్ధతులలో ఉపాధ్యాయుని చూపు స్పష్టంగా కనిపిస్తుంది. మంచి ఉపాధ్యాయుడు విద్యార్థికి వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ అప్పగించుకొని తృప్తిపడడు. రాని పాఠమేదో కనిపెట్టి దానిని నేర్పుతాడు. రహీం కూడా వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనన్న నియమం పెట్టి పోటీలు నడిపారు. బంతిని తనవద్దనే ఉంచుకొని మురిసిపోయే అలవాటును మాన్పడానికి, అందిన బంతిని వెంటనే తోటివానికి అందించవలెనన్న నియమంతో మరికొన్ని పోటీలు జరిపించారు. వీటికి కావలసినది ధనం కాదు, పిల్లవాని లోపాన్ని గమనించే ఓపిక.

ఫలితాలు ఒక్కసారిగా రాలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశం ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం పొందినది. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో, పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండా ఆడిన మన జట్టు, యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడినది. నేటి రోజులలో అయితే ఆ ఓటమితోనే శిక్షకునికి ఉద్వాసన పలికి ఉండేవారు. రహీం కొనసాగారు. 1956లో మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టుగా భారతదేశం పేరు తెచ్చుకొన్నది. నాలుగవ స్థానంతో తిరిగి వచ్చినది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాతో తొలి పోటీలో 0-2తో ఓడిన జట్టే ఫైనలులో అదే ప్రత్యర్థిని 2-1తో జయించినది. తలకు గాయమైన రక్షణపంక్తి ఆటగాడు జర్నైల్ సింగును రహీం ముందువరుసలో నిలిపారు. అతడు గోలు చేశాడు. ఆనాటికే శిక్షకుని దేహాన్ని ఊపిరితిత్తుల క్యాన్సరు తినివేస్తున్నది. 1963 జూన్ 11న ఆయన మరణించారు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం ఏర్పడినది ఆ తరువాత 22 ఏళ్లకు, 1985లో.

ఈ విజయాలకు రహీం ప్రతిభ ఒక్కటే కారణమనుకోవడం సగం సత్యమే. ఆ ప్రతిభకు మూడు ఆధారాలు ఉండెను. మొదటిది బడి, బస్తీ మైదానాలలో నిత్యం సాగిన ఆట. సికింద్రాబాదు పరిసరాలలోని అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాంను రహీం గుర్తించినది అటువంటి ఆటలలోనే. శిక్షణకు వచ్చేందుకు అద్దె సైకిలుకు రహీం డబ్బిచ్చేవారని బలరాం తరువాత చెప్పుకొన్నాడు. రెండవది జీవనోపాధి. పోలీసు జట్టులో చేరిన ఆటగానికి నెల జీతం ఉండేది గనుక, ఆట అతని ఇంటికి భారం కాలేదు. మూడవది కాలం. 1950 నుండి ఇంచుమించు మరణించేవరకు రహీం జాతీయ జట్టును తీర్చిదిద్దగలిగారు.

అమెరికాలో బేస్‌బాల్ చరిత్ర కూడా ఈ విషయాన్నే ధ్రువపరుస్తున్నది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టుకు రాడ్ డేడో 1942 నుండి 1986 వరకు శిక్షకులుగా ఉండి 11 జాతీయ విజేతృత్వాలు సాధించారు. స్వంత వ్యాపారం గల ఆయన నామమాత్రంగా ఏటికి 1 డాలరు జీతం పుచ్చుకొన్నారు. అక్కడ విజయానికి మూలం జీతం కాదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన మైదానం, ఏటేటా వచ్చిన విద్యార్థులు, నాలుగు దశాబ్దాల వ్యవధి.

రహీం తరువాత ఈ ఆధారాలు ఒక్కొక్కటే సడలినవి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం చివరిసారి ఆడినది 1960లో. ఆసియా క్రీడలలో చివరి పతకం 1970 నాటి కాంస్యం. అయినా ఆశ వదలుకోనక్కరలేదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ జీవంజి దీప్తి 2024లో కోబేలో 400 మీటర్ల టి-20 పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే ఏడు పారిస్ పారాలింపిక్ క్రీడలలో కాంస్యం గెలిచినది. ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ ద్రోణాచార్య పురస్కార గ్రహీత. కాని ఆ బాలిక వేగాన్ని మొదట పసిగట్టినది ఆమె చదివిన బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. ఆ మొదటి చూపు లేకున్న తరువాతి శిక్షణకు తావే ఉండదు.

ఇప్పుడు మంచిర్యాలను ఆనుకొని ఉన్న నస్పూరు సంగతి చూడవలెను. ఇది సింగరేణి కార్మికుల కాలనీల ఊరు. వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పేరిట సింగరేణి తన కార్మికులకు పోటీలు జరుపుతున్నది. అంటే, ఆట ఈ గనుల ప్రాంతానికి కొత్తది కాదు. అయినా పిల్లల ఆటకు ఇక్కడ వేరొక చిక్కు ఉన్నది. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు తగ్గినది. తండ్రి తరువాత కొడుకు బాయిలోకి దిగుతాడన్న ధీమా సన్నగిల్లినకొద్దీ, తల్లిదండ్రుల ఆశలన్నీ మార్కులమీదికి మళ్లినవి. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడు లెక్కల పీరియడు అవుతున్నది. ఇంటరు చదువుకు పట్టణాలకు వెళ్లిన పిల్లలు చేరే అంతస్తుల కళాశాలలలో పెక్కింటికి ఆటస్థలమే లేదు.

తల్లిదండ్రుల భయం నిరాధారమైనది కాదు. ఆటనే నమ్ముకొన్న వందమందిలో జీతం దొరికేది కొద్దిమందికే. అందుచేత చదువు మాని ఆడుమని ఎవరూ చెప్పరాదు. అయితే చదువుకు ఆట శత్రువన్న వాదానికి పట్టభద్రుడు, ఉపాధ్యాయుడు అయిన రహీం జీవితమే ప్రత్యుత్తరం. ప్రభుత్వం వ్యాయామోపాధ్యాయుల ఖాళీలను నింపవలెను. పోటీలకు పిల్లలను తీసుకొని వెళ్లే ఖర్చు వారి జేబుమీద పడకుండా చూడవలెను. ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే సంస్థలు ఆ సంప్రదాయాన్ని నిలుపుకోవలెను. ఇవి జరిగేదాకా బడి చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. ఆటల పీరియడును పరీక్షలకు అప్పివ్వకుండా కాపాడుకోవడం ప్రధానోపాధ్యాయుని చేతిలోని పని. ఒక్క బంతి, వాటం లేని కాలితోనే తన్నవలెనన్న ఒక్క నియమం, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో వ్రాసుకొనే ఒక నోటుపుస్తకం ఉంటే, రహీం చాదర్‌ఘాట్ పిల్లలకు చెప్పిన పాఠాన్ని నస్పూరు పిల్లలకు ఈ సోమవారమే మొదలుపెట్టవచ్చును.