రాయికి యార్డు ఏదీ?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర మండలాల మీద పత్రికలకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. జొన్నగిరిలో ఒకరికి వజ్రం దొరికిందట, వ్యాపారి ఇన్ని లక్షలిచ్చి, మీద ఇన్ని తులాల బంగారం పెట్టి కొన్నాడట. పక్కన చేలల్లో నడుములు వంచి నేలను చూస్తున్న జనం ఫొటో. వార్త నిండా అదృష్టం, ఆశ, పిచ్చి అన్న మాటలే. వాళ్లు చేస్తున్నది పని అనీ, దానికో నేర్పు కావాలనీ రాసిన వార్త నా కంట పడలేదు.

నేర్పు ఎందుకో చెబుతాను. పక్కనున్న అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టూ కింబర్లైట్ రాతి గొట్టాలున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు ఎప్పుడో తేల్చారు. అలాంటి రాళ్లు యుగాల తరబడి అరిగి, అందులోని వజ్రాలు వాగుల వెంట కొట్టుకొచ్చి గులకలో కలిసిపోతాయి. దుక్కి దున్నినప్పుడు మట్టి తిరగబడుతుంది, తొలి వాన ఆ మట్టిని కడుగుతుంది. అప్పుడు పలుగురాళ్ల ముక్కలు వేలకు వేలు మెరుస్తాయి. వాటి మధ్య కందిగింజంత వజ్రాన్ని పట్టాలంటే కన్ను అలవాటు పడాలి. ఎండ ఏ వాలున పడితే మెరుపు తేడా తెలుస్తుందో, ఏ చేను గులక చూడదగ్గదో ముసలివాళ్లను అడిగితే చెబుతారు. ఈ చదువుకు సర్టిఫికెట్ లేదు కాబట్టి లెక్కలోకి రాదు.

వచ్చేవాళ్లెవరు? బళ్లారి నుంచి, అనంతపురం నుంచి, కర్నూలు నుంచి బస్సుల్లో, రైళ్లలో వచ్చి చెట్ల కింద వండుకుని తినేవాళ్లలో అన్ని రకాల వాళ్లూ ఉంటారు. ఎక్కువమంది మాత్రం కూలీలే. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. ఇళ్లకు తాళాలు వేసుకుని, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. వేసవికి తిరిగొచ్చాక మళ్లీ విత్తనం పడేదాకా చేతిలో పనుండదు. ఆ సందులో వానొస్తే, పని లేనివాడు నేల చూడక ఏం చూస్తాడు? దీన్ని దురాశ అనేవాళ్లు ఒక్క ఏడాది సుగ్గికి పోయి రావాలి.

ఈ వలసకు మూలం నీళ్ల కొరతే. తుంగభద్ర దిగువ కాలువ మా పొలాల పక్కగానే పోతుంది. ఆనకట్టలో పూడిక పేరుకుని నిల్వ తగ్గింది, కాలువ చివరి ఊళ్లకు నీళ్లందడం ఏటా పేచీయే. నీళ్లే సరిగ్గా అందితే ఈ వ్యాసం సగం రాయనక్కర్లేదు.

ఇక దొరికిన రాయి సంగతి. దొరికినవాడు ముందు చేసేది దాన్ని దాచడం. పోలీసులకు తెలిస్తే ఏమవుతుందోనని ఒక భయం, చేను గలాయన వాటా అడుగుతాడని ఇంకో భయం. రాత్రిపూట వ్యాపారి మనిషి వస్తాడు. "గాజు మాదిరి ఉందిలేప్పా, లోపల మచ్చ ఉంది, ఇచ్చేంత ఇస్తా" అంటాడు. క్యారెట్ ఎంతో, రంగు ఏ తరగతో, ఆ రాయి సూరత్ చేరాక ఎంత పలుకుతుందో అమ్మేవాడికి తెలియదు. పత్రికలో పడిన లక్షలు వ్యాపారి చెప్పిన లక్షలే. కాగితం ఉండదు, రసీదు ఉండదు, ప్రభుత్వానికి రాయల్టీ కూడా రాదు. నష్టపోయేది కూలీ ఒక్కడే కాదు, ఖజానా కూడా. అయినా ఖజానాకు బాధ ఉన్నట్టు కనబడదు.

ఇదే గడ్డ మీద పత్తికి ఆదోని మార్కెట్ యార్డు ఉంది. రాష్ట్రంలో పేరున్న పత్తి మార్కెట్లలో అదొకటి. అక్కడ మోసాలు లేవని అనను. కానీ పదిమంది వ్యాపారులు ధర వేస్తారు, తూకం కళ్లముందు జరుగుతుంది, రైతుకు ఆనాటి క్వింటా ధర తెలుస్తుంది. నేసిన గుడ్డకు ఎమ్మిగనూరు ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. నూలు అప్పిచ్చి గుడ్డ గుంజుకునే షావుకారు చేతిలోంచి మగ్గాన్ని విడిపించే దారి అది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ సంఘం వెలుగు ఇవాళ తగ్గింది, నిజమే. అయినా పేదవాడి సరుకుకు బేరమాడే బలం ఎలా వస్తుందో మా ప్రాంతానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. పత్తికీ గుడ్డకూ జరిగినది రాయికి ఎందుకు జరగలేదన్నదే నా ప్రశ్న.

కుదరదంటారా? మధ్యప్రదేశ్‌లోని పన్నా చూడండి. అక్కడ ప్రభుత్వ వజ్రాల కార్యాలయం ఉంది. కూలీ అయినా సరే నామమాత్రపు రుసుము కట్టి ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు నేలను తవ్వుకోవడానికి పట్టా తీసుకోవచ్చు. రాయి దొరికితే కార్యాలయంలో జమ చేస్తాడు. అక్కడే తూచి, నాణ్యం చూసి, బహిరంగ వేలం వేస్తారు. రాయల్టీ, పన్నుల కింద ఎనిమిదో వంతు దాకా పోగా మిగిలిన సొమ్ము దొరికినవాడిదే. ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పీడీ అనే ఊరుంది. ఎండకు తాళలేక జనం నేల తొలిచి ఇళ్లు కట్టుకున్నారు. 1915లో అక్కడ తొలి ఓపల్ రత్నం దొరికింది పద్నాలుగేళ్ల పిల్లవాడికి. అక్కడా మామూలు మనిషి అనుమతి పత్రం తీసుకుని తన ముక్కకు మేకులు కొట్టుకుని తవ్వుకోవచ్చు. ఆ ఊరిని చూడడానికి ప్రపంచం డబ్బులిచ్చి వస్తుంది. మావాళ్ల దగ్గరికి వచ్చేది వానాకాలం విలేఖరి.

పైగా మా నేలలో విలువుందని ప్రభుత్వానికి తెలియక కాదు. 2017 చివర్లో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో గుప్తనిధి ఉందని ఎవరో చెబితే, అధికారులే దగ్గరుండి తవ్వించారు. ఇటుకలూ ఎముకలూ బయటపడ్డాయి. పేదవాడు చేనులో వెతికితే పిచ్చి, కోటలో ప్రభుత్వం వెతికితే అన్వేషణ! జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి చుట్టూ బంగారు గనికి వందల హెక్టార్ల లీజు ఇచ్చారు. గని వద్దనడం లేదు. ఎర్రగుడి కొండ మీద అశోకుడు శాసనాలు చెక్కించిన కాలం నుంచీ ఈ గడ్డకు బంగారం పేరుందని, జొన్నగిరే నాటి సువర్ణగిరి అని చెప్పే చరిత్రకారులున్నారు. గనుల చట్టాన్ని 2015లో సవరించి, తవ్వకాల ప్రభావం పడే ఊళ్ల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఆ నిధిలోంచి కొంత తీసి, ఆ ఊళ్ల పిల్లలకు రాయి నాణ్యం చూడడం, సానపట్టడం నేర్పితే ఎవరి సొమ్ము పోతుంది?

చేను గల రైతుదీ న్యాయమైన గోడే. విత్తిన చేను తొక్కేస్తున్నారని తగాదాలు పడుతున్నాయి. పట్టా, వాటా, గడువు కాగితం మీద ఉంటే ఆ తగాదా కూడా తీరుతుంది. విత్తనం పడేదాకా వెతుకుడు, తర్వాత చేను రైతుది. రైతు వాటా ఎంతో ముందే రాసుకోవచ్చు.

పన్నాలో లాంటి కార్యాలయం ఇక్కడా కావాలి. దాన్ని మాత్రం విజయవాడలో పెట్టొద్దు, కర్నూలులోనూ వద్దు. అరచేతిలో రాయి మూసిపట్టుకున్న కూలీ అంతదూరం పోడు, పోయేలోపే దారిలో ఎవడో బేరం కుదుర్చుకుంటాడు. తుగ్గలికి రైల్వే స్టేషనుంది. దాని పక్కన రెండు గదులు, ఒక తక్కెడ, నాణ్యం తెలిసిన ఒక మనిషి, జూన్ నుంచి మూడు నెలలు చాలు.