మంచువాలు మీద బాలశిక్ష

నోయిడాలో కాపురమున్న తెలుగువారి యిండ్లలో డిసెంబరు మాసము ముగియవచ్చుసరికి ఒక చర్చ తప్పక మొదలగుచుండును. పొగమంచుతోను, దానిలో కలసిన ధూమముతోను ఆకాశము మూసికొనిపోయి, గాలి నాణ్యతా సూచిక 400 దాటి, బడులు ఆన్‌లైనుకు మారి, ఎత్తైన అపార్టుమెంట్లలో కిటికీలు బిగించుకొని ఎయిర్ ప్యూరిఫయర్ ప్రక్కన కూర్చుండిన పిల్లలను చూచి చూచి విసిగిన తలిదండ్రులకు హిమాలయములు జ్ఞప్తికి వచ్చుట సహజము. రాజమండ్రికి పోవలెనన్న రైలులోనే ఒక పగలు, ఒక రాత్రి గడచిపోవును. మనాలికైనచో సాయంకాలము బస్సెక్కి మరునాటి ఉదయమునకు చేరవచ్చును. "ఈసారి పిల్లలకు స్కీయింగ్ నేర్పిద్దామా?" అను ప్రశ్న అక్కడ పుట్టును, పిమ్మట హోటలు, కారు, భోజనము, స్కీయింగ్ అన్నియు ఒకే ప్యాకేజీలో చేరి బేరము కుదిరిపోవును. అందులో విద్య పాలెంత అని అడుగువారు అరుదు. నా అభిప్రాయము స్పష్టముగా చెప్పెదను: వరుసగా ఐదారు దినములు ఒకే గురువు వద్ద బిడ్డను నిలుపగలిగినప్పుడే స్కీయింగ్ పాఠములు కొనవలెను, అంత అవకాశము లేనినాడు పిల్లలను మంచులో ఆడుకొననిచ్చి, స్లెడ్జిపై జారనిచ్చి, సంతోషముగా ఇంటికి తీసికొనిరావలెను.

మనాలి నుండి సోలంగ్ లోయకు పోవు త్రోవ పొడవునను నంబర్లు వేసిన అంగళ్లు కలవు. అద్దెకోట్లు, గమ్‌బూట్లు, చేతితొడుగులు అక్కడ దొరకును. లోయ చేరగానే స్కీలు భుజమున మోసికొనివచ్చిన యువకుడొకడు "అరగంట, గైడుతో సహా" అని ధర పలుకును. బిడ్డ పాదములకు సరిపోయినను సరిపోకున్నను చేతికందిన బూట్లు తొడిగి, రెండు చేతులు పట్టుకొని కొన్ని గజములు నడిపించి, తండ్రి ఫోనులో బొమ్మలు తీయుట ముగియగానే బైండింగు విప్పి, మరియొక బిడ్డ వైపు మరలును. ఆ యువకుని నేను నిందింపజాలను; మంచు నిలిచెడి ఆ కొద్ది వారములలోనే సంవత్సరపు గ్రాసము సంపాదించుకొనవలసిన వాడతడు. అరగంటనే అడిగి, అరగంటకే ధర కట్టి, దానికి పాఠమని పేరు పెట్టుకొన్న మనయందే దోషమున్నది.

ఈ విద్యలో బిడ్డ నడచు మార్గమును కొంచెము నిదానించి చూడవలెను. మంచి గురువు మొదట వాలుపైకి తీసికొనిపోనే పోడు. సమతలమైన మంచుపై ఒక కాలికి మాత్రమే స్కీ కట్టి, రెండవ కాలితో నెట్టుకొనుచు నడువుమనును. పిదప కాలు మార్చును. తరువాత రెండు స్కీలతో, అడ్డముగా నిలిచి, అంచులు మంచులో గ్రుచ్చుకొనునట్లు అడుగడుగునను పైకెక్కించును. పడుట నేర్పును: వెనుకకు గాక ప్రక్కకు పడవలెను, స్కీలను వాలునకు అడ్డముగా త్రిప్పుకొని లేవవలెను. అటుపిమ్మట మాత్రమే స్కీల ముందుకొనలు దగ్గరకు చేర్చి, వెనుకకొనలు ఎడము చేసి, ఇంటికప్పు ఆకారములో నిలుపుకొని వేగము నణచుకొనుట వచ్చును. దీనినే స్నోప్లౌ అందురు. ఆగుట చేతనైన పిల్లవానికే భయము వదలును; భయము వదలినవానికే మలుపు సాధ్యమగును. ఇదంతయు జరుగుటకు మొదటిదినము చాలదు. మొదటిదినమున బూట్ల బరువు, చలి, పడుట, ఏడుపు, రెండవదినమున తొడలనొప్పి, మూడవదినమునో నాల్గవదినమునో, తనంత తాను జారి, తనంత తాను ఆగి, వెనుదిరిగి చూచుకొనిన బిడ్డ ముఖములో వెలుగు. అరగంట పాఠము కొన్నవారు బిడ్డకు ఆ కష్టమును మాత్రమే కొనిపెట్టి, దాని ఫలమును అందనీయకయే తిరిగివచ్చుచున్నారు. "వాడికి స్కీయింగ్ పడదండీ" అని ఆ తరువాత చెప్పెడి తలిదండ్రుల మాట విన్నప్పుడెల్ల నాకు ఆ బిడ్డపై జాలి కలుగును.

ఈ క్రమము క్రొత్తది గాదు. ఆస్ట్రియాలోని సెంట్ ఆంటన్ గ్రామమున హానెస్ ష్నైడర్ అను గురువు 1920ల నాడే, శిష్యులను వారి నేర్పును బట్టి తరగతులుగా విభజించి, స్నోప్లౌ నుండి మలుపుల వరకు మెట్టుమెట్టుగా బోధించెడి పద్ధతిని స్థిరపరచెను. ఈనాడు ఐరోపాలోని స్కీ పాఠశాలలు బాలురకు పాఠములను వారము పొడవునను, పూటకింతయని, ఒకే బృందముగా నడుపుటకు మూలమచ్చటనే ఉన్నది. మన దేశములోను ఇట్టి విద్య లేకపోలేదు. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7 దినముల, 14 దినముల కోర్సులు నడుపుచు వచ్చినది. గుల్మార్గులో స్కీయింగునకు, పర్వతారోహణమునకు ప్రత్యేకించిన కేంద్రప్రభుత్వ సంస్థ కలదు. మనాలిలోని పర్వతారోహణ సంస్థ 1961లో స్థాపితమైనది. ఈ సంస్థలలో వయోనియమములుండును గనుక చిన్నపిల్లల విషయము ముందుగానే విచారించుకొనవలెను. గుల్మార్గులో గండోలా అనెడి తీగబండి రెండవ దశ మనలను అఫర్వాట్ శిఖరపు పొరుగునకు చేర్చును. అది నిపుణుల చోటు, మంచుచరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు ప్రాణములు గోల్పోయిన వాలులు ఆ ప్రాంతమునందే కలవు. క్రింది మైదానములోని చిన్న వాలులే బాలుర బడి.

ఇక కాలనిర్ణయము. నోయిడా బడుల శీతకాలపు సెలవులు డిసెంబరు చివర, జనవరి తొలినాళ్లలో వచ్చును. మంచేమో నానాటికి ఆలస్యమగుచున్నది. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానములు మంచులేక ఎండుగడ్డితో కనబడినవి. 2025లో ఖేలో ఇండియా శీతకాల క్రీడలలో గుల్మార్గులో జరుగవలసిన భాగమును, మంచు చాలక, ఫిబ్రవరి నుండి మార్చికి వాయిదా వేసిరి. కనుక సెలవులను బట్టి మంచును వెదకుటకంటె మంచును బట్టి సెలవును అడుగుట మేలు. నాల్గవ తరగతి బిడ్డ ఫిబ్రవరిలో ఒక వారము బడి మానినచో వాని చదువునకు వచ్చు లోటేమియు లేదని నా దృఢవిశ్వాసము. ఆ మాట ప్రధానోపాధ్యాయురాలికి చెప్పుటకు తలిదండ్రులు సంకోచింపరాదు. బోర్డు పరీక్షల వయస్సు వచ్చినపిమ్మట ఈ స్వేచ్ఛ మిగులదు.

గురువును ఎంచుకొనునప్పుడు అడుగవలసినవి కొన్ని కలవు. ఒకరి క్రింద పిల్లలెందరు? ఆరుగురికి మించినచో చివరివాడు చలిలో వరుస కాచుకొనుటయందే పూట గడచును. వారమంతయు ఆ గురువే ఉండునా, దినమునకొకరు మారుదురా? హెల్మెట్ ఇత్తురా? బూటు తొడిగిన పిమ్మట మడమ పైకి లేచుచున్నదా అని వంగి చూచునా? మన ఇండ్లలో తల్లులు, అమ్మమ్మలు చలిభయముచే పిల్లల పాదములకు రెండేసి మేజోళ్లు తొడుగుదురు. బూటులో అవి ముడుతలుపడి, రక్తప్రసారము నడ్డి, పాదము మరింత చల్లబడును. పొడవైన ఉన్నిమేజోడు ఒక్కటి చాలును. మంకీక్యాపు హెల్మెట్ క్రింద ఇముడదు, దానిని హోటల్ గదిలో వదలిపోవలెను.

మరియొక మాట చెప్పక తప్పదు. పాఠము జరుగుచుండగా తలిదండ్రులు దూరముగా ఉండవలెను. "జాగ్రత్తరా నాన్నా, పడతావు!" అని గట్టుమీద నుండి కేక వినబడగానే బిడ్డ తల త్రిప్పును, తల త్రిప్పగానే పడును. గురువు హిందీలో ఒకటి చెప్పగా తల్లి తెలుగులో వేరొకటి చెప్పినచో ఏది వినవలెనో తెలియక వాడు నిలిచిపోవును. పాఠము జరుగు ఆ సమయమున తలిదండ్రులు కూడ వేరొక గురువు వద్ద నేర్చుకొనుట ఉత్తమమని నా సలహా. సాయంత్రము అందరి ఒళ్లును నొచ్చును, అందరికిని చెప్పుకొనుటకు కథలుండును.

మంచు మన రక్తములో లేదని కొందరందురు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు నెక్కినది. ఆమె పాఠము భువనగిరి కోట బండపై మొదలై, హిమాలయములలో నెలల తరబడి సాగినది. 2022 బీజింగ్ శీతకాల ఒలింపిక్సులో మన దేశమునుండి పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్, నాలుగేండ్ల వయస్సున గుల్మార్గులో తండ్రి చేతిమీదుగా స్కీలెక్కినవాడు. 2018లో తుర్కియేలో అంతర్జాతీయ స్కీయింగ్ పోటీలో కాంస్యపతకము గెలిచిన ఆంచల్ ఠాకుర్ మనాలి పొరుగు పల్లెలో పుట్టినది. ఆ ఇద్దరికి మంచు వాకిట ఉండెను, పూర్ణకు లేదు. ముగ్గురికిని దినములు మాత్రము సమృద్ధిగా దొరకినవి.

దినములు కేటాయింపలేనివారు చిన్నబుచ్చుకొననక్కరలేదు. నోయిడా సెక్టార్ 18లోని డీఎల్‌ఎఫ్ మాల్ ఆఫ్ ఇండియాలో ఉన్న మంచుపార్కులోనో, హైదరాబాదులో 2004లో వెలసిన స్నోవరల్డు వంటి చోటులలోనో పిల్లలు చలిని, మంచును, జారుడును రుచి చూడవచ్చును. స్కీయింగ్ నేర్చితిమని మాత్రము అనుకొనరాదు. నేర్పింపదలచినవారికి ఖర్చే అడ్డమైనచో ఒక ఉపాయమున్నది. నోయిడా, గాజియాబాదు, గురుగ్రామములలోని తెలుగు సంఘములు ఉగాదికి, సంక్రాంతికి హాలు తీసికొని వేడుకలు జరుపుచునే యున్నవి. ఈడుజోడైన పిల్లలను ఆరుగురిని ఒక జట్టుగా కూర్చి, ఇద్దరు పెద్దలను తోడిచ్చి, ఫిబ్రవరి తొలివారమున ఒక గురువును వారము దినములకు మాటాడుకొనినచో, ప్యాకేజీలో విడివిడిగా పెట్టెడి ఖర్చుకంటె అది తక్కువే కావచ్చును. రాబోవు శీతకాలమునకు ఇప్పుడే ఏ సంఘమైనను ఈ పనికి పూనుకొన్నచో, మొదట సంప్రదింపవలసినది హోటళ్లను గాదు, గురువులను.